మడిచి చూసినాను, సరిపోయింది

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో, ఐదు మార్కుల ప్రశ్నకు నేను రాసిన జవాబు మొత్తం మూడే మాటలు: "మడిచి చూసినాను, సరిపోయింది."

అబద్ధం మాత్రం కాదు. ప్రశ్నపత్రంలో గాలిపటం లాంటి బొమ్మ ఉంది. నడుమ ఒక గీత, గీతకు ఇటొక త్రిభుజం, అటొక త్రిభుజం. రెండూ సర్వసమానాలని నిరూపించమన్నారు. బొమ్మను జవాబు కాగితం మీద స్కేలు పెట్టి శ్రద్ధగా దించాను. నడిమి గీత మీద కాగితాన్ని మడిచి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మొన మీద మొన, అంచు మీద అంచు. చూసిందే రాశాను. సారుకు అనుమానం రాకూడదని మడత కూడా అట్లాగే వదిలేశాను. చుట్టూ మిగతావాళ్లు పేజీ నిండా ఏదో రాస్తూ చెమటలు కక్కుతుంటే పాపం అనిపించింది. ఇంత చిన్నదానికి అంత రాయాలా అని.

నా తప్పుకు మూలం మా ఇంట్లో ఉంది. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన గోపురం అంచు చీరలకు పేరుపడ్డవాడు. చీరకు రెండు పక్కలా అంచు పొడుగునా చిన్న చిన్న గోపురాలు వరసగా లోపలికి మొన చేసుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక త్రిభుజం. మగ్గం గుంతలో నాయన ఎడమ పక్క కూర్చుంటే, కుడి పక్క అంచుకు పేక పోగు మోసే నాడె విసిరేది మా అమ్మ. అంటే ఎడమ అంచు త్రిభుజాలు నాయనవి, కుడి అంచు త్రిభుజాలు అమ్మవి. చీర కోసి మగ్గం మీంచి దించినాక, ఇంట్లో ఒక తంతు ఉండేది. చీరను అడ్డంగా నడిమికి మడిచి, ఒక అంచు మీద ఇంకో అంచు పెట్టి, చివర నేను పట్టుకుంటే నాయన వేలితో తడుముతూ వచ్చేవాడు. గోపురం మీద గోపురం కూర్చుంటే చీర పాసు. కూర్చోకపోతే ఆ పూట అమ్మా నాయనా మాట్లాడుకునేవాళ్లు కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ మడతను మించిన రుజువు లోకంలో ఇంకొకటి ఉంటుందని నాకెట్లా తెలుస్తుంది?

పుస్తకంలో 'ఉపపత్తి' అనే మాట ఉన్న సంగతి తెలుసు. కానీ మాది పట్టు ఇల్లు, పత్తితో మాకు పని లేదు. ఉపపత్తి అంటే పత్తిలో కాస్త నాసిరకం కాబోలు, దాన్ని లెక్కల్లోకి ఎందుకు తెచ్చారో అనుకుని వదిలేశాను.

మా లెక్కల సారు హిందూపురం మనిషి. ఆ పక్కవాళ్ల తెలుగులో కన్నడం పాలల్లో డికాషన్ లాగా కలిసిపోయి ఉంటుంది. ఒక సిద్ధాంతం ముగిసినప్పుడల్లా సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుని, "ఆయ్తా?" అనేవారు. అయిందా అని. మాకు ఏదీ అయ్యేది కాదు. అయినా అందరం కలిసి "ఆయ్తు సార్" అని అరిచేవాళ్లం.

పేపర్లు ఇచ్చే రోజు నా పేపరు చివరికి దాచి, రెండు వేళ్లతో చెవి పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తారు.

"ఏమప్పా, ఇస్త్రీ కొట్టు పెట్టినావా? మడతలు పెట్టి పంపిస్తాండావు?"

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను, నా గురించి అని కాసేపటికి గానీ తెలియలేదు. సారు నా మూడు మాటలూ మూడుసార్లు చదివి వినిపించారు. ఎర్ర ఇంకుతో సున్నా, సున్నా కింద రెండు గీతలు, పక్కన "ఉపపత్తి యాడ?" అని. రుజువు ఎక్కడ అని.

"సార్, నిజంగానే సరిపోయింది సార్," అన్నాను.

"సరిపోయింది సరే. ఎందుకు సరిపోయింది? ఈ బొమ్మ సరిపోయిందప్పా, రేపు ఇంకో కాగితం మీద ఇట్లాంటి బొమ్మే ఇంకోటి గీస్తే? దాన్నీ మడుస్తావా? లోకంలో ఉండే త్రిభుజాలన్నీ మడుస్తా కూర్చుంటావా?" కాస్త ఆగారు. అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది. "నువ్వు మగ్గానికే పనికొస్తావప్పా. ఆయ్తా?"

ఆ రోజు నుంచి నా పేరు 'మడత'. హాజరు పట్టీలో తప్ప ఎక్కడా నా అసలు పేరు మిగల్లేదు. టీ కొట్టు దగ్గర కూడా "మడతకు ఒక అర గ్లాసు" అనేవాళ్లు. దాన్ని ఓర్చుకోవచ్చు. వీధిలో పిల్లలు అసలు మాట మోసుకొచ్చి మా నాయన చెవిన వేశారు. అదే ఓర్చుకోలేకపోయాను.

నాడె ఆగింది. మా ఇంట్లో మధ్యాహ్నం పూట మగ్గం చప్పుడు ఆగడమంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

"మగ్గానికి పనికొచ్చేది తక్కువ పనా?" అన్నాడు నాయన, నన్ను కాదు, ముందున్న పడుగును అడుగుతున్నట్టు. "ఆ సారును ఒక్క దినం ఈ గుంతలో కూర్చోమను."

అంతే. మళ్లీ నాడె విసిరాడు. కానీ ఆ సాయంత్రం మూడుచోట్ల పోగు తెగింది. మా నాయన చేతిలో పోగు తెగడం నేను చూసిన రోజులు తక్కువ.

నాకు లెక్కల మీద అంతకుముందు కోపం లేదు, ప్రేమా లేదు. ఆ సాయంత్రం ఒక పట్టుదల వచ్చింది. పాసవడం, ఉద్యోగం, అవన్నీ తరవాతి మాట. మగ్గం గురించి అన్న ఆ మాట సారు తన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఎట్లాగో మాత్రం తెలియదు. త్రిభుజాల పాఠం తీస్తే భుజాలు నొప్పి, కోణాలు చూస్తే నేను కోణంగిని. భు.కో.భు., కో.భు.కో., భు.భు.భు. అని బట్టీ పట్టడం మొదలుపెట్టాను. పక్క గదిలో అమ్మ, "వీనికి ఏమన్నా గాలి సోకిందా, ఊరికే భూ భూ అంటాండాడు," అంది.

వారం తిరిగాక అమ్మా నాయనల మధ్య గొడవ వచ్చింది. మగ్గం మీద కొత్త చీర. నాలుగు గోపురాలు కూడా పడలేదు.

"ఏమయ్యో, నీ పక్క గోపురం లావుగా ఉండాది. నా పక్కది సన్నంగా ఉండాది," అంది అమ్మ.

"నీ కండ్లు లావుగా ఉండాయి."

"పిల్లోన్ని పిలువు. వాడే చెప్తాడు."

నేను నా విద్య ప్రదర్శించాను. "మడిచి చూస్తే పోలా?"

ఇద్దరూ తిట్టుకోవడం మాని నా వైపు తిరిగారు. "మగ్గం మీద బిగించిన చీరను ఎట్ల మడుస్తావురా?" అన్నాడు నాయన. "మగ్గాన్ని మడుస్తావా?"

నిజమే. మడవడానికి వీల్లేదు. మరి ఎట్లా తెలుస్తుంది?

"దానికి మడిచేది ఎందుకే," అన్నాడు నాయన అమ్మతో, వేలు పెట్టి చూపిస్తూ. "నా పక్క మొన లోపలికి నలభై పోగులు పోతాది. నీ పక్కా నలభయ్యే. లెక్కబెట్టుకో. నా పక్క అరవై పేకలకు ఎక్కుతాది, అరవై పేకలకు దిగుతాది. పేకను బిగించే ఈ పలక దెబ్బ రెండు పక్కలా ఒకేసారి పడతాది కదా, నా పక్క అరవై పడితే నీ పక్క ఎన్ని పడతాయి?"

"అరవై," అంది అమ్మ, ఇష్టం లేకుండా.

"పడుగు నిలువు, పేక అడ్డం. రెండూ కలిసే మూల నా పక్కా మట్టమే, నీ పక్కా మట్టమే. అడ్డం ఒకటి, నిలువు ఒకటి, నడిమి మూల ఒకటి. ఇంక తేడా యాడి నుంచి వస్తాది? రావాలన్నా రాదు."

అమ్మ పోగులు లెక్కబెట్టింది. నలభై ఉన్నాయి. "కిటికీ వెలుతురు నీ పక్క పడతాంది, అందుకే లావుగా కనిపించింది," అని తప్పును సూర్యుడి మీదికి నెట్టేసింది.

నేను మాత్రం గుంత గట్టు మీద నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను. అడ్డం ఒకటి: భుజం. నడిమి మూల ఒకటి: కోణం. నిలువు ఒకటి: భుజం. మా నాయన చదివింది మూడో తరగతి. ఆయన ఇప్పుడు భు.కో.భు. చెప్పి, మళ్లీ నాడె అందుకున్నాడు. పోయినేడు నేసిన చీరకైనా, వచ్చే ఏడు నేసే చీరకైనా, ఇంకా పుట్టని పట్టుపురుగు తీసే దారంతో నేసే చీరకైనా ఆ మాట నిలబడుతుంది. సారు అడిగిన "ఎందుకు" ఇదే. కళ్లు చూసింది చెప్పడం కాదు, సరిపోక తప్పదని చెప్పడం.

"మరి దించినాక ఎందుకు మడుస్తాం నాయనా?" అని అడిగాను.

"లెక్క తప్పదురా. చెయ్యి తప్పుతాది. మడిచేది చెయ్యిని చూసేకి."

అక్కడే నోటు పుస్తకం తెచ్చుకుని గాలిపటం బొమ్మ మళ్లీ గీశాను. దత్తాంశం, సారాంశం, ఉపపత్తి. ఇటు భుజం, అటు భుజం సమానం. నడిమి గీత దగ్గర ఇటు కోణం, అటు కోణం సమానం. నడిమి గీత రెండింటికీ ఉమ్మడి. మా ఇంట్లో పలక దెబ్బలాగా, ఒకటే అయినా రెండు పక్కలకూ చెందింది. ఏడు వరసల్లో అయిపోయింది. అంతకుముందు వరకూ చెమటలు కక్కుతూ రాసినవాళ్ల మీద జాలిపడ్డాను కదా, ఆ జాలంతా వెనక్కి తీసుకున్నాను.

ఆ తరవాత లెక్కల్లో నాకు అడ్డు లేకపోయింది. ఏ లెక్క వచ్చినా ముందు దాన్ని మగ్గం మీద బిగించి చూసేవాణ్ని. సంవత్సరాంత పరీక్ష పేపరును సారు మూడుసార్లు దిద్దారని తరవాత తెలిసింది. మూడుసార్లు దిద్దినా మార్కులు తగ్గలేదట. పదో తరగతిలో లెక్కల పోటీకి బడి నుంచి ఒకరిని పంపాలంటే, సారు పరీక్ష పెట్టి, ఫలితం చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి, "మడతా, నువ్వే," అన్నారు. పెనుకొండలో తొలి వడపోత. అది దాటాను. చివరి పోటీ హిందూపురంలో.

పొద్దున్నే పాసింజరు ఎక్కాం, సారూ నేనూ. ఆయనకు అది సొంత ఊరు. బండి దిగగానే మనిషి కన్నడంలోకి మారిపోయారు. పోటీ జరిగిన హాల్లో ఐదు నల్లబల్లలు, ఐదుగురు పిల్లలం, వెనక బెంచీల మీద మా మా సార్లు. న్యాయనిర్ణేత పదవీ విరమణ చేసిన లెక్చరరు, తెల్ల పంచె, చేతిలో ముక్కుపొడి డబ్బా. మొదటి మూడు ప్రశ్నలకు నాకూ, ఇంకో ఇద్దరికీ మార్కులు సమానంగా వచ్చాయి. నాలుగోది ఆఖరుది.

రెండు త్రిభుజాలు, ఏబీసీ, డీఈఎఫ్. ఏబీ, డీఈ సమానం. బీసీ, ఈఎఫ్ సమానం. కోణం ఏ, కోణం డీ సమానం. త్రిభుజాలు సర్వసమానాలని నిరూపించుము.

మిగతా నాలుగు బల్లల మీదా సుద్ద టకటకలాడింది. రెండు భుజాలు, ఒక కోణం. భు.కో.భు., అంతే. నేనూ రాయబోయాను. చెయ్యి ఆగిపోయింది. భుజాలు ఏబీ, బీసీ. అవి కలిసే మూల బీ. ఇచ్చిన కోణం మాత్రం ఏ దగ్గర ఉంది. పడుగూ పేకా కలిసే చోటు వదిలేసి, ఇంకెక్కడో మూల కొలిచి ఇచ్చినట్టు. నడిమి మూల తెలియకపోతే నాయన మాట నిలబడదు కదా?

వెనక్కి తిరిగాను. మా సారు బెంచీ మీద నుంచి సగం లేచి, రహస్యంగా మూడు వేళ్లు చూపిస్తున్నారు: భుజం, కోణం, భుజం. రాయి, రాయి అని కళ్లతో బతిమాలుతున్నారు. నలుగురూ సుద్దలు కింద పెట్టేశారు. సారు చెప్పింది కాదనడం నాకు అదే మొదటిసారి. బల్ల మీద ఒక్క మాట రాశాను: "నిరూపించలేము."

లెక్చరరుగారు ముక్కుపొడి పీల్చబోయి ఆగారు. "ఏమబ్బా, రాకపోతే నాకు రాదు అని రాయాల. ఎవరికీ రాదన్నట్టు రాసినావే?"

హాలంతా నవ్వు. నాకు ఆ నవ్వు పాత పరిచయమే.

"ఒక తెల్ల కాగితం ఇప్పిస్తారా సార్?" అన్నాను.

బెంచీ మీద కాగితం పెట్టి, నా జామెట్రీ పెట్టె తెరిచి, ఏబీ పది సెంటీమీటర్లు గీశాను. ఏ దగ్గర ముప్పై డిగ్రీల కోణంతో ఒక పొడుగాటి గీత. ఇప్పుడు బీ దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి, ఏడు సెంటీమీటర్ల దూరంతో చాపం తిప్పాను. చాపం ఆ పొడుగు గీతను ఒకచోట కోసింది. ఇంకాస్త తిప్పితే ఇంకోచోటా కోసింది. రెండుచోట్లా బీసీ ఏడే. రెండింటికీ ఏబీ పదే. రెండింటికీ కోణం ఏ ముప్పయ్యే. ఇచ్చిన దత్తాంశం అంతా రెండింటికీ సరిపోయింది. కానీ ఒక త్రిభుజం పొడుగ్గా పడుకుంది, ఇంకోటి పొట్టిగా ముడుచుకుంది.

రెంటినీ వేరువేరుగా దించి, పెన్సిలు చెక్కే బ్లేడుతో కోశాను. రెండు ముక్కలూ తీసుకుపోయి లెక్చరరుగారి ముందు పెట్టి, ఒకదాని మీద ఇంకోటి వేశాను.

"పెట్టి చూసినాను సార్. సరిపోలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లెక్చరరుగారు ముక్కలు తిప్పారు, తిరగేశారు, వెలుతురుకు పట్టారు, మా నాయన అంచు తడిమినట్టు వేలితో తడిమారు. ప్రశ్న కాగితం తెప్పించి చూసి, "కోణం బీ, కోణం ఈ అని ఉండాల్సింది, రాసేటప్పుడు ఏ, డీ అని పడింది," అన్నారు. తరవాత లేచి నిలబడి, "నలుగురు లేనిదాన్ని నిరూపించినారు. వీడొక్కడే లేదని నిరూపించినాడు," అని నా భుజం తట్టారు. త్రిభుజాల పాఠం మొదలుపెట్టినాక నాకు దక్కిన మొదటి భుజం అదే.

బహుమతి ఒక స్టీలు గ్లాసు. దాని మీద చెక్కిన అక్షరాలు, లెక్కల పోటీ, మొదటి బహుమతి, హిందూపురం అని.

తిరుగు బండిలో సారు పెనుకొండ దాకా కిటికీలోంచి బయటికే చూశారు. కొండ కనిపించాక ఈ పక్కకు తిరిగారు.

"నేను మూడు వేళ్లు చూపిస్తాంటే చూసినావా లేదా?"

"చూసినాను సార్."

"చూసి కూడా రాయలేదు."

"రాయలేదు సార్."

"సరిపోయింది అని చెప్పేకి మడిస్తే చాలదప్పా. సరిపోలేదు అని చెప్పేకి ఒక్క మడత చాలు. ఆయ్తా?"

చూశారా, ఓడిపోయింది ఆయన, పాఠం మళ్లీ ఆయనే చెప్పారు. అదీ అంత చక్కటి పాఠం. కోపం తెచ్చుకుందామన్నా వీల్లేకపోయింది. కానీ మగ్గం మాట మాత్రం ఎత్తలేదు. గ్లాసు తెచ్చి నాయన చేతికిచ్చాను. ఆయన నీళ్లు తాగి, మగ్గం పక్క గూట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. రెండు వేల సంవత్సరం దాటాక సంగతి. అప్పటికి నేను పెనుకొండలో లెక్కల అయ్యవారిని. ఆదివారాలు ధర్మవరం వచ్చి, నాయన నేస్తుంటే పక్కన చాప మీద పేపర్లు దిద్దుకునేవాణ్ని. అట్లాంటి ఒక ఆదివారం గుమ్మంలో చెప్పుల చప్పుడు. చూస్తే మా సారు, పక్కన వాళ్లావిడ. కూతురి పెళ్లికి గోపురం అంచు చీర కావాలని ఎవరినో అడిగితే, మా ఇల్లు చూపించారట. ఇల్లు ఎవరిదో నన్ను చూశాకే తెలిసింది.

"మడతా!" అన్నారు, ముసలి మొహమంతా వెలిగిపోతూ.

కూర్చోబెట్టాం. అమ్మ నీళ్లిచ్చింది, గూట్లోని గ్లాసుతో. సారు తాగి, కింద పెట్టబోతూ అక్షరాలు చదివి, ఇంకో గుక్క తాగారు. నాయన గుంతలోంచే ఒక చీర చూపించాడు, మెరూన్ రంగు, ఆకుపచ్చ అంచు. సారు వాళ్లావిడకు నచ్చింది. సారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చీర నడిమికి మడిచారు. ఒక అంచు మీద ఇంకో అంచు పెట్టారు. మొన మీద మొన పెట్టి, కిటికీ వెలుతురుకు పట్టారు.

"సార్, ఏం చేస్తాండారు?" అన్నాను.

"రెండంచులూ సరిపోయినాయా లేదా అని మడిచి చూస్తాండా. సరిపోయింది."

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఇంతకన్నా మంచి సమయానికి ఏ పెన్నూ ఎవరి చేతిలోనూ ఉండి ఉండదు. దిద్దుతున్న కట్ట మీది అట్ట తీసి, దాని మీద పెద్ద సున్నా చుట్టాను. కింద రెండు గీతలు గీశాను. పక్కన "ఉపపత్తి యాడ?" అని రాసి, సారు ముందు పెట్టాను.

ఆయన ఒక నిమిషం అట్టను చూశారు. తరవాత భుజాలు కుదిపి కుదిపి నవ్వారు. నవ్వి, ముక్కు తుడుచుకుని, చాప మీద సర్దుకుని కూర్చున్నారు, బల్ల దగ్గరికి పిలిచిన పిల్లవాడిలాగా.

"సరే అయ్యవారూ. దత్తాంశం చెప్పండి."

"నలభై పోగులు సార్, రెండు పక్కలా," అన్నాడు నాయన గుంతలోంచి. "అరవై పేకలు, రెండు పక్కలా."

"నడిమి కోణం?"

"మూలమట్టం. మగ్గమే నిలబెడతాది."

"భుజం, కోణం, భుజం," అన్నారు సారు మెల్లగా. చీరను చూశారు, మగ్గాన్ని చూశారు, గుంతలో ఉన్న మా నాయనను చూశారు. "మడవాల్సిన పనే లేదు. వీడికి ఇది నేర్పింది నేను కాదన్నమాట."

నాయన పడుగులో వదులైన పోగు ఒకటి సర్దాడు.

"అప్పుడొక మాట అన్నాను మీవాణ్ని," అన్నారు సారు. "మగ్గానికే పనికొస్తావని. తప్పప్పా అది. మగ్గానికి పనికి రావాలంటేనే లెక్క రావాల. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా."

నాయన నాడె విసిరాడు. చప్పుడు మామూలు కంటే కాస్త గట్టిగానే ఉంది.

నేను అట్ట వెనక్కి తీసుకుని సున్నా కొట్టేశాను. ఐదుకు నాలుగున్నర వేసి ఇచ్చాను.

"అర మార్కు ఎందుకు కోసినావప్పా?" అన్నారు సారు, నిజంగానే బాధపడుతూ.

"ముందు మడిచినారు కద సార్," అన్నాను. "ఆయ్తా?"